ఉద్వాసన చెప్పని తూటాలు

సిడ్నీ శివార్లలో, స్కోఫీల్డ్స్‌లో బాబాయ్ వాళ్ళ పాత ఇల్లు ఉన్న చోటికి మొన్న ఒకసారి వెళ్ళాను. ఇల్లు లేదు. ఆ స్థలంలో ఒకే అచ్చులో పోసినట్టు టౌన్‌హౌస్‌లు లేచాయి. అన్నింటికీ బూడిద రంగే, అన్నింటి ముందూ ఒకే రకం గడ్డిదుబ్బు. గుర్రాలు మేసే పొలం ఉన్నచోట చైల్డ్‌కేర్ వచ్చింది. గారేజీ ఎక్కడుండేదో అంచనా వేసుకుంటూ నిలబడితే, ఒక ఇంట్లోంచి చెత్తబిన్ను లాక్కుంటూ ఒక కుర్రాడు వచ్చాడు. మెడలో ఆఫీసు బ్యాడ్జీ, కాళ్ళకు ఇంటి చెప్పులు. మనవాడే అనుకున్నాను. అతనూ నన్ను చూసి అదే అనుకున్నాడు.

"ఎవరింటికి ఆంటీ?"

"ఎవరింటికీ కాదు బాబూ. ఇక్కడ మా బాబాయ్ ఇల్లుండేది. ఇప్పుడు మీ బార్బెక్యూ ఉన్నచోట ఆయన గారేజీ. అందులో తూటాలు తయారుచేసేవాడు."

అతను బిన్ను వదిలేశాడు. "తూటాలంటే బుల్లెట్సా? లీగలేనా ఆంటీ?"

"లైసెన్సుంది. అడవిగేదెల్ని కాల్చే పెద్ద రైఫిలు."

"ఓ, అంకుల్ హంటరా?"

"కాదు, డాక్టరు. గుడ్డు వేసిన కేకు కూడా తినడు."

అతను కాసేపు ఆలోచించి, "ఇప్పుడైతే స్ట్రాటా వాళ్ళు ఒప్పుకోరు ఆంటీ," అన్నాడు. ఈ తరానికి దేవుడూ పోలీసూ కలిసి స్ట్రాటా అనే ఇళ్ళ సంఘం రూపంలో వచ్చారని నాకప్పుడే అర్థమైంది. ఇంటికొచ్చాక ఆ గారేజీ వాసన ముక్కును వదల్లేదు. ఒకవైపు రైఫిలు శుభ్రం చేసే ద్రావకం ఘాటు, మరోవైపు వంటింట్లోంచి వచ్చే ఇంగువ పోపు. ఆ రెండు వాసనలకూ మధ్య ఒక్క తలుపే ఉండేది. నా కొత్త కాపురపు రోజులు ఆ తలుపు దగ్గరే గడిచాయి.

నేను ఆ ఇంట్లో ఉన్నది పెళ్ళయి సిడ్నీ వచ్చిన కొత్తలో. మా ఆయన పనికోసం పడమటి గనుల్లోకి వెళ్ళి వారాల తరబడి అక్కడే ఉండేవాడు. అందుకని మా అమ్మ చెల్లెలైన పిన్ని నన్ను తన దగ్గర పెట్టుకుంది. నా చదువు ఇంటర్మీడియట్‌తో ఆగిపోయింది. ఆ ఇంటికి భోజనానికి వచ్చేవాళ్ళలో డాక్టరు కాని మనిషి ఇంజనీరు, ఇంజనీరు కాని మనిషి ప్రొఫెసరు. "మీరేం చేస్తుంటారమ్మా?" అని అడిగేవారు. చదువుతున్నానంటే "ఏ యూనీలో?" అనేవారు. "లైబ్రరీలో," అనేదాన్ని. ఆ తర్వాత వాళ్ళు పప్పు గురించి మాట్లాడేవారు. కానీ నేను చెప్పింది నిజం. మా పేట లైబ్రరీలో మొదటి అలమర నుంచి మొదలుపెట్టి, తోటపని, తేనెటీగలు, ఓడల చరిత్ర, అన్నీ చదివాను. డిగ్రీలున్నవాళ్ళు తమ సబ్జెక్టు ఒక్కటే చదువుతారు. నాకు ఏ సబ్జెక్టూ లేదు కాబట్టి ఏదీ వదిలిపెట్టలేదు. ఈ ముక్క గర్వంగానే చెబుతున్నాను.

బాబాయ్ మత్తు డాక్టరు. ఇంట్లో రాఘవేంద్రరావు, హాస్పిటల్లో 'రే'. ఆ పేరు వాళ్ళు పెట్టింది కాదు, ఆయనే పెట్టుకున్నాడు, వాళ్ళకు శ్రమ తగ్గించడానికి. మత్తిచ్చే మనిషికి ఆపరేషన్ థియేటర్లో ఒక సౌలభ్యం ఉంది. రోగి నిద్రపోయాక సర్జన్లు మాట్లాడుకునేదంతా తల దగ్గర కూర్చుని వినొచ్చు. అక్కడ గ్రేమ్ అని ఒక ఎముకల సర్జను ఉండేవాడు. ఏటా వానలు లేని కాలంలో అతనూ ఇంకొందరూ కలిసి ఉత్తరాన అడవిగేదెల వేటకు వెళ్ళేవారు. మోకాలి చిప్ప మారుస్తూ ఆ కబుర్లు చెప్పుకునేవారు. బాబాయ్ ఏళ్ళ తరబడి విన్నాడు. ఎవరూ నువ్వూ రా అనలేదు. బాబాయ్ కూడా నేనూ వస్తాను అనలేదు.

మనవాళ్ళకు ఏదైనా కావాలనిపిస్తే అడగరు, దానికి అర్హత సంపాదిస్తారు. మెడిసిన్ సీటు అలా వచ్చింది, వీసా అలా వచ్చింది, స్పెషలిస్టు పరీక్షలూ అలాగే గట్టెక్కాయి. స్నేహం కూడా అలాగే వస్తుందని బాబాయ్ గట్టి నమ్మకం. ముందు లైసెన్సు తీసుకున్నాడు, తర్వాత షూటింగ్ క్లబ్బులో చేరాడు, ఆ తర్వాత త్రీ సెవెంటీఫైవ్ మాగ్నమ్ రైఫిలు కొన్నాడు. తోటి తెలుగు డాక్టర్లు గోల్ఫ్ కర్రలు కొంటున్న రోజులవి. అంతలో థియేటర్లో ఎవరో ఒకరోజు, అసలైన వేటగాడు షాపు తూటా పేల్చడు, తన తూటా తానే నింపుకుంటాడు అన్నారు. బాబాయ్‌కి ఇక సిలబస్ దొరికింది.

తూటా అని మనం ఒక్క మాటలో అనేది నిజానికి నాలుగు వస్తువుల కాపురం. ఇత్తడి గుల్ల, దాని అడుగున నిప్పు పుట్టించే చిన్న బిళ్ళ, లోపల మందు, మూతి దగ్గర బిగించిన బుల్లెట్టు. పేల్చాక గుల్ల మిగులుతుంది. దాన్ని శుభ్రం చేసి, సాగినచోట నొక్కి, మళ్ళీ నింపి, మళ్ళీ బిగించడమే ఈ విద్య. మాగ్నమ్ గుల్ల నా చూపుడువేలికంటే పొడుగ్గా ఉండేది, పూజ గదిలో పెట్టినా ఎవరూ అనుమానించనంత అందంగా మెరిసేది. బాబాయ్‌కి పుస్తకం కావాలి. పుస్తకాల మనిషిని ఇంట్లోనే పెట్టుకుని వేరే ఎక్కడికి వెళ్తాడు? నేను లైబ్రరీలో అడిగాను. అక్కడి పెద్దావిడ నా చీరనీ, నేను రాసిచ్చిన పుస్తకం పేరునీ రెండుసార్లు చూసి, వేరే ఊరి లైబ్రరీ నుంచి తెప్పించింది.

ఆ పుస్తకాన్ని మేమిద్దరం ఎంట్రన్స్ పరీక్షకు చదివినట్టు చదివాం. నేను ముఖ్యమైన ప్రశ్నలు తయారుచేసేదాన్ని, బాబాయ్ కారు నడుపుతూ జవాబులు చెప్పేవాడు. గుల్ల మెడ దగ్గర పగుళ్ళు ఎందుకొస్తాయి, మందు అతిగా పడితే ఏ గుర్తులు కనిపిస్తాయి, తేమ ఎందుకు శత్రువు, అన్నీ కంఠతా వచ్చేశాయి. మందు తూచే త్రాసు కంసాలి త్రాసుకంటే సున్నితం. ఎవరైనా తుమ్మితే ముల్లు ఊగేది. అందుకని ఆయన బల్ల ముందు కూర్చుంటే ఇంట్లో ఫ్యాను ఆపాలి, నడిచేవాళ్ళు మెల్లగా నడవాలి. అన్నింటికంటే పెద్ద గండం పిన్ని గ్రైండరు. గోడకు అవతల ఇడ్లీ పిండి తిరుగుతుంటే ఇవతల త్రాసు నాట్యం చేసేది.

"ఏమే, కాసేపు ఆపుతావా? పాయింట్ వన్ గ్రెయిన్ తేడా వస్తోంది."

"పప్పు నానిపోయిందండీ. మీ పాయింట్ వన్ రేపు కూడా అక్కడే ఉంటుంది, నా పిండి ఉండదు."

చివరికి శనివారం పొద్దున్న గ్రైండరుది, మధ్యాహ్నం త్రాసుది అని ఒప్పందం కుదిరింది. ఇత్తడి శుభ్రం చేయడానికి బాబాయ్ ఒక కదిలే డబ్బా కొన్నాడు. అందులో అక్రోటు పెంకుల పొడి పోసి గుల్లలు వేస్తే, అది గంటల తరబడి గురగురమని తిరిగి వాటిని బంగారంలా చేసేది. పిన్ని రెండు వారాలు దాన్ని చిన్నచూపు చూసింది. మూడో వారం అందులో గుల్లలతోపాటు ఆమె దీపపు కుందులు, ఉద్ధరిణి కూడా తిరుగుతున్నాయి. చింతపండు ఖర్చు తగ్గిందని చెప్పింది గాని, అది రాజీ అని ఇద్దరూ ఒప్పుకోలేదు.

ఇంత చదివాక పేల్చాలి కదా. నెలకోసారి క్లబ్బుకు వెళ్ళి నాలుగైదు పేల్చి వచ్చేవాడు. ఆ రైఫిలు వెనక్కి తన్నే తన్నుకు భుజం అల్లనేరేడు రంగుకు తిరిగేది. పిన్ని బామ్ రాస్తుంటే, "ఇది రికాయిల్. బిగ్ బోర్‌కి ఇలాగే ఉంటుంది," అని పతకం చూపించినట్టు చూపించేవాడు. మా లహరి, అంటే వాళ్ళమ్మాయి, అప్పుడు హైస్కూల్లో ఉంది. "డాడ్, యూ ఆర్ పేయింగ్ మనీ టు గెట్ హర్ట్," అని పుస్తకంలోంచి తలెత్తకుండా అనేది. మొత్తానికి థియరీలో బాబాయ్‌కి నూటికి నూరు. ప్రాక్టికల్స్ మాత్రం గేదె వచ్చేదాకా పెండింగ్.

గేదె మాటే పిన్నికి నచ్చేది కాదు.

"దేన్ని చంపుతారండీ మీరు, ఇన్ని తూటాలతో?"

"చంపడం కాదే. వాటర్ బఫెలో. ఫెరల్ యానిమల్. అడవిని పాడుచేస్తున్నాయని గవర్నమెంటే తగ్గించమంటోంది. దీన్ని మేనేజ్‌మెంట్ అంటారు."

"వాటర్ బఫెలో అంటే గేదేగా?"

బాబాయ్ నా వైపు చూశాడు. ఓడల చరిత్ర చదివినదాన్ని, అబద్ధం ఎలా చెబుతాను? "గేదే పిన్నీ. మన వైపు ఉండే గేదె జాతే. వెనకటి దొరలు పాలకీ మాంసానికీ దీవుల నుంచి ఓడల్లో తెచ్చారు. ఉత్తరాన కట్టుకున్న ఊళ్ళు నిలబడక వాళ్ళు వదిలేసి వెళ్ళిపోతే ఇవి అడవిపాలయ్యాయి," అన్నాను.

"అంటే అవి కూడా మనలాగే ఓడెక్కి వచ్చినవి," అంది పిన్ని. "మీకంటే ముందొచ్చిన గేదెల్ని మీరు మేనేజ్ చేస్తారన్నమాట."

"మనం ఫ్లైట్‌లో వచ్చాం," అన్నాడు బాబాయ్.

అలా ఉండగా ఒక సాయంత్రం బాబాయ్ ఇంటికొచ్చి బూట్లు విప్పకుండా హాల్లో నిలబడ్డాడు. గ్రేమ్ బృందంలో ఒకాయన ఈసారి రావడం లేదట. టీ గదిలో గ్రేమ్ అడిగాడట, రే, నువ్వు తూటాలు నింపుతావటగా, మాతో వస్తావా అని. ఈ మాట చెప్పడానికి బాబాయ్‌కి చాలాసేపు పట్టింది. ఈ దేశంలో ఆయన ఇల్లు కొన్నాడు, ఓటు వేశాడు, క్రికెట్‌లో వాళ్ళ పక్షం కూడా చేరాడు. కానీ ఎవరో ఒకరు ఊరికే, పని లేకుండా, తనని తోడు రమ్మని పిలవడం ఇదే మొదటిసారి. ఆయనకు గేదె అక్కర్లేదని, ఆ పిలుపే కావాలని నాకు అప్పుడే తెలిసింది. పిన్నికి తెలిసిందో లేదో. ఆమె నిమ్మకాయ మజ్జిగ తెచ్చి చేతికిచ్చి, "ఎప్పుడు?" అని మాత్రం అడిగింది.

దసరా వెళ్ళగానే ప్రయాణం. విజయదశమి తర్వాత బయల్దేరితే మంచిదని, తూటాలకు ఆయుధపూజ చేసి తీసుకెళ్తానని బాబాయే అన్నాడు. మామూలుగా పూజలకు కాళ్ళు కడుక్కోవడమే ఆలస్యం చేసే మనిషి. పిన్ని వెంటనే సరేనంది. అంత తొందరగా ఆమె సరేననడం నేను అంతకుముందు చూడలేదు.

చట్టం ప్రకారం తూటాలు తాళం వేసిన ఇనప బీరువాలోనే ఉండాలి, లైసెన్సు లేనివాళ్ళు తాకకూడదు. దాంతో అమ్మవారే బీరువాలోకి వచ్చింది. మందు ఉన్నచోట నిప్పు పనికిరాదని నేను పుస్తకం ప్రకారం పట్టుబట్టాను. రెండు డాలర్ల షాపులో దొరికే బ్యాటరీ దీపాలు పెట్టారు. తేమ పనికిరాదన్నాను. కలశంలో నీళ్ళ బదులు బియ్యం పోశారు. పిన్ని చెబుతుంటే బాబాయ్ ఒక్కో తూటాకు అగరుపుల్లంత సన్నటి పుల్లతో పసుపు కుంకుమ బొట్లు పెట్టాడు, అవి బుల్లెట్టుకీ గుల్లకీ మధ్య కీలులో పడకుండా. ఆ సాయంత్రం వచ్చిన అతిథులు తమ స్టెతస్కోపులూ లాప్‌టాపులూ కారు తాళాలూ హాల్లోని పీఠం మీద పెట్టి, గారేజీలోకొచ్చి దూరం నుంచి దండం పెట్టుకున్నారు. ఒకాయన ఇంటి లోను కాగితాలు కూడా పీఠం మీద పెట్టాడు. "ఇది ఆయుధం కాదండీ," అంటే, "నా మీదకి రోజూ దూస్తున్నది ఇదేనండీ," అన్నాడు.

మర్నాడు దశమి. పిన్ని హాల్లో పూజకు ఉద్వాసన చెప్పింది. ఎవరి లాప్‌టాపు వాళ్ళు పట్టుకెళ్ళారు. బాబాయ్ బ్యాగు సర్దుకుంటూ తాళంచెవి తీసుకుని గారేజీ వైపు నడిచాడు.

"అక్కడ ఉద్వాసన చెప్పలేదండీ," అంది పిన్ని వంటింట్లోంచి.

"అయితే చెప్పు."

"చెప్పను."

బాబాయ్ వెనక్కొచ్చాడు. "చెప్పవా? ఎల్లుండి ఫ్లైట్ నాకు."

"వెళ్ళిరండి. అమ్మవారు బీరువాలో ఉంటుంది. పిలిచినావిడని పంపించే దాకా ఆ సామాను కదిపేది లేదు."

"నాకు ఈ నమ్మకాలు లేవని నీకు తెలుసు."

"తెలుసండీ. తాళంచెవి మీ చేతిలోనే ఉందిగా. తీసుకోండి."

ఆయన తాళంచెవి వైపు చూసుకున్నాడు. సోఫాలోంచి లహరి, "దిస్ ఈజ్ సో అన్‌ఫెయిర్, మమ్. ఇట్స్ లైక్ యూ చేంజ్డ్ ద పాస్‌వర్డ్," అంది. బాబాయ్ నా వైపు తిరిగాడు.

"నువ్వు పూజావిధానం చదివావుగా. నువ్వు చెప్పెయ్యమ్మా."

ఇద్దరూ నన్నే చూస్తున్నారు. ఇద్దరిదీ అన్నం తింటున్నాను. నేను చదివిందే చెప్పాను. "నేను చెప్పకూడదు బాబాయ్. సంకల్పం చేసినవాళ్ళే చెప్పాలి. కానీ సంకల్పం మీ దంపతులిద్దరి పేరా జరిగింది. కాబట్టి మీరే చెప్పొచ్చు. కలశాన్ని కాస్త జరిపి ఒక్క వాక్యం అనడమే."

పిన్ని చూసిన చూపు ఆ కార్తీకమాసం దాకా నన్ను వదల్లేదు. బాబాయ్ ఆ వాక్యం రాసిమ్మన్నాడు. రాసిచ్చాను. కాగితం పట్టుకుని బీరువా తెరిచి నిలబడ్డాడు. ఎర్రటి బొట్లతో తూటాలు బ్యాటరీ దీపాల ముందు పెళ్ళికొడుకుల్లా బారులు తీరి ఉన్నాయి. సక్సినైల్‌కోలిన్ అని మందు పేరు తుమ్మినంత తేలిగ్గా అనగలిగిన మనిషి, పెదవులు కదిపాడు, ఆగాడు, మళ్ళీ కదిపాడు. చాలాసేపటికి బీరువా మూసి బయటికొచ్చి, "నోరు తిరగడం లేదు," అన్నాడు. పిన్ని చెయ్యి తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడి ఉంది. గెలిచిన మొహం కాదు అది. ఆయన కాగితం చించి తిట్టిపోస్తాడని, దానికి జవాబులు సిద్ధం చేసుకున్న మొహం.

అప్పటికప్పుడు షాపు తూటాలు కొనుక్కుని వెళ్ళొచ్చు. నేనే ఆ మాట అన్నాను. "షాపువా?" అన్నాడు బాబాయ్.

గ్రేమ్‌కి ఫోన్ చేయాల్సి వచ్చింది. నడుము నొప్పి అని చెబుదామనుకున్నాడు, కానీ అతను ఎముకల డాక్టరు, ఎక్కడ నొప్పి అని అడుగుతాడు. సెలవు దొరకలేదందామంటే ఆ సెలవు ఇప్పించిందే గ్రేమ్. ఫోన్ వంటింటి గోడకుండేది. పిన్నీ నేనూ వింటుండగా ఆయన, రాలేనని, కారణం, ఇట్స్ రిలీజియస్, అని ఆగిపోయాడు. తర్వాత గ్రేమ్ గొంతు నాక్కూడా వినిపించింది. "సే నో మోర్, మేట్." ఎంతో గౌరవంగా అన్నాడు. ఆ గౌరవం వినగానే బాబాయ్ మొహం పాలిపోయింది.

ఎందుకు పాలిపోయిందో మర్నాటి నుంచి తెలిసింది. హాస్పిటల్లో 'రే' అనడం మానేశారు. ఒక్కొక్క అక్షరం జాగ్రత్తగా పట్టుకుని 'రాగ్ హవేండ్రా' అనసాగారు. ఆయన టీ గదిలోకి వస్తే మాంసం శాండ్‌విచ్‌లు మూత పడేవి. వేట కబుర్లు చెబుతున్నవాళ్ళు ఆయన్ని చూసి పిల్లల చదువుల్లోకి మారిపోయేవారు. నర్సులు దీపావళి ఎప్పుడని అడిగేవారు. సాంస్కృతిక వైవిధ్యం పేరుతో జరిగిన టీ పార్టీలో అహింస గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. ఇంటినిండా మాగ్నమ్ తూటాలున్న మనిషి పట్టులాల్చీ తొడుక్కుని వెళ్ళి మాట్లాడొచ్చాడు. చప్పట్లు బాగా కొట్టారట.

గ్రేమ్ ఉత్తరాన ఎండకు ముక్కు చర్మం ఊడి తిరిగొచ్చాడు. బాబాయ్ ధైర్యం చేసి ఒక ఆపరేషన్ మధ్యలో, ఎన్ని దొరికాయి అని అడిగాడు. జరిగింది ఇంటికొచ్చి మాకు చెప్పాడు, పెరుగన్నం కలుపుతూ.

"ఎన్నేంటి అన్నాడు. గేదెలన్నాను. నేను రైఫిలు పేల్చి ఏళ్ళయింది, మోకాళ్ళు పోయాయి అన్నాడు. నీళ్ళ పక్కన కుర్చీలేసుకుని బీరు తాగుతూ కూర్చుంటార్ట. హాస్పిటల్ మాట ఎత్తకూడదు, అదొక్కటే రూల్ అట."

"మరి మిమ్మల్నెందుకు పిలిచాడు?" అంది పిన్ని.

"నేనూ అదే అడిగాను." బాబాయ్ ముద్ద చేతిలోనే ఉంది. "థియేటర్లో మా కబుర్లు వినేది నువ్వొక్కడివే కదా అన్నాడు."

పిన్ని గరిటె కింద పెట్టింది. "ఊరికే కూర్చోవడానికే అని మీరు ముందే చెప్పుంటే నేను అలా చేసేదాన్ని కాదు," అంది.

"నాకు తెలిస్తేగా నీకు చెప్పడానికి."

"అడగాల్సింది."

"ఎలా అడుగుతారే? వాళ్ళు పిలవాలిగా."

"మనం పిలిచామా ఎప్పుడన్నా? పధ్నాలుగేళ్ళు పక్కపక్కన పనిచేశారు. అతను మన గుమ్మం తొక్కాడా?"

"మనింట్లో వాళ్ళేం తింటారు?"

"అన్నం," అంది పిన్ని.

గ్రేమ్ ఒక ఆదివారం భోజనానికి వచ్చాడు. ఆ పొద్దున్నే పిన్ని గారేజీలోకి వెళ్ళి, బాబాయ్ చేత తాళం తీయించి, నన్ను పిలవకుండా, అమ్మవారికి ఉద్వాసన చెప్పి కలశం తెచ్చేసింది. అందులోని బియ్యంతోనే పరమాన్నం వండింది. గ్రేమ్ బూట్లు విప్పి, చిల్లుపడిన మేజోళ్ళతో వచ్చి, గోంగూర పచ్చడి మూడుసార్లు వేయించుకున్నాడు. చెమట తుడుచుకుంటూనే తిన్నాడు. తర్వాత తూటాల బల్ల చూపించమన్నాడు. బాబాయ్ గంటసేపు చూపించాడు. గుల్ల మెడ కాల్చి మెత్తబరచడం, త్రాసు, డబ్బాలో పెంకులు, ఏదీ వదల్లేదు. గ్రేమ్ ఒక తూటా వైపు వంగి చూసి, వాళ్ళ యాసలో ఏదో అని పెద్దగా నవ్వాడు.

"ఏమన్నాడే?" అని పిన్ని నా చెవిలో అడిగింది.

"అతనికంత ఓపిక లేదట. ఎప్పుడూ షాపులోనే కొనేవాట్ట."

పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బాబాయ్ మొదట ఆమెను, తర్వాత గ్రేమ్‌ని, తర్వాత తన బల్లనంతా చూశాడు. తర్వాత ఆయనకూ నవ్వాగలేదు. వెళ్తూ గ్రేమ్ అన్నాడు, వచ్చే ఏడు రా, తుపాకీ ఇంట్లో పెట్టి రా అని.

ఇప్పటి పిల్లల్ని చూస్తే నాకు ముచ్చటేస్తుంది, కొంచెం కోపమూ వస్తుంది. ఇక్కడి రౌస్ హిల్ మెట్రో రైల్లో పరిచయమైనవాణ్ణి ఆ శనివారమే బార్బెక్యూకి పిలుస్తారు. వాళ్ళు పిలవకపోయినా, మేమూ వస్తున్నాం అంటారు. పన్నీరు ముక్కలు మీ మాంసం పక్కన కాల్చం, వేరే పెనం తెచ్చుకుంటాం అని మొహం మీదే చెబుతారు. ఎవరూ ఏమీ అనుకోరు. బాబాయ్‌కి అలా తేలిగ్గా కలిసిపోవడం ఎవరూ నేర్పలేదు. లైసెన్సు, రైఫిలు, పుస్తకం, నల్లబడిన భుజం, ఇంత సరంజామా కావాల్సి వచ్చింది ఒక కుర్చీ వేయించుకోవడానికి. అయితే ఈ పిల్లలు ఆ కుర్చీలో ఎంతసేపు కూర్చుంటారో నేను చూడలేదు. ఫోను మోగితే లేస్తారు.

మరుసటి ఏడు బాబాయ్ తుపాకీ లేకుండా వెళ్ళొచ్చాడు. ముక్కు ఎర్రగా కందిపోయింది. మేం చుట్టూ చేరాం. ఏం చేశారంటే కూర్చున్నాం అన్నాడు. గేదెలు కనిపించాయా అంటే, కనిపించాయన్నాడు. సాయంత్రం నీళ్ళకు వచ్చాయట. మిగతావాళ్ళంతా కదలకుండా కూర్చుంటే, ఈయన లేచి నిలబడి, చిన్నప్పుడు వాళ్ళమ్మ పాలు పితికేవేళ నాలుక అంగిలికి తాటించి చేసే శబ్దం చేశాడట.

"తలెత్తి చూసింది ఒకటి. నా వైపే. గ్రేమ్ అది మంత్రం అనుకున్నాడు."

పిన్ని బ్యాగులోంచి మాసిన బట్టలు తీస్తోంది. చొక్కా దులుపుతూ ఆగింది.

"పాడిదేనా?"

"చూళ్ళేదే."

"చూడాల్సింది," అంది పిన్ని.